నాడి వేగాన్ని కొలవడం: చేసి చూడగల చరిత్ర

ఈ పాఠం చదవడానికి ముందు మీరు ఒక చిన్న పని చేయాలి. ఇంట్లో ఎవరినైనా పిలిచి, 30 సెంటీమీటర్ల స్కేలును పై కొన దగ్గర పట్టుకుని నిలువుగా వేలాడదీయమనండి. కింద సున్నా గుర్తు దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు స్కేలుకు తగిలీ తగలనట్టు ఉంచండి. వారు మీకు చెప్పకుండా స్కేలును వదిలేయాలి. మీరు పట్టుకోవాలి. పట్టుకున్న చోట స్కేలు మీద ఎంత ఉందో చూడండి.

10 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం 0.14 సెకను. 15 దగ్గరైతే 0.17, 20 దగ్గరైతే 0.20, 25 దగ్గరైతే 0.23 సెకను. పడిన దూరాన్ని మీటర్లలోకి మార్చి, రెట్టింపు చేసి, 9.8తో భాగించి, వర్గమూలం తీస్తే ఈ అంకెలు వస్తాయి. ఇది పదో తరగతి లెక్కే. చాలామందికి 15 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. మీరెంత చురుకైనవారైనా సున్నా దగ్గర మాత్రం పట్టుకోలేరు.

మనం అడగబోయే ప్రశ్న ఈ ఆలస్యం గురించే. కంటికి కనబడినదానికీ చెయ్యి కదలడానికీ మధ్య కాలం గడుస్తోందని మనిషికి ఎప్పుడు తెలిసింది? ఎలా తెలిసింది? ‘రెప్పపాటు’, ‘క్షణం’ అనే మాటలు మన భాషలో ఎప్పటినుంచో ఉన్నాయి. అంకె మాత్రం 1850 వరకు ఎవరి దగ్గరా లేదు.

మాట గురించి ఒక హెచ్చరిక. ఈ పాఠంలో నాడి అంటే వైద్యుడు మణికట్టు పట్టి చూసేది కాదు. అది రక్తనాళం కొట్టుకోవడం. ఊళ్లో ‘నరం’ అనే మాటను రక్తనాళానికీ దీనికీ కలిపి వాడేస్తాం. ఇక్కడ నాడి అంటే మెదడుకూ, వెన్నుపాముకూ, ఒంటిలోని తక్కిన భాగాలకూ మధ్య వార్తలు మోసే తంతువుల కట్ట.

గ్రీనిచ్‌లో పోయిన ఉద్యోగం

కథ వైద్యశాలలో కాక నక్షత్రశాలలో మొదలవుతుంది. ఇంగ్లండులోని గ్రీనిచ్ నక్షత్రశాలకు అప్పట్లో నెవిల్ మాస్కెలైన్ అధిపతి. ఆయన దగ్గర డేవిడ్ కిన్నెబ్రూక్ అనే యువకుడు సహాయకుడుగా ఉండేవాడు. వారి పని ఇది: దూరదర్శినిలో సన్నని తీగలు నిలువుగా బిగించి ఉంటాయి. నక్షత్రం ఒక్కొక్క తీగను ఎప్పుడు దాటిందో సెకనులో పదో వంతు వరకు రాయాలి. పరిశీలకుడు ముందు గడియారం చూసుకుంటాడు. తర్వాత కన్ను దూరదర్శినికి ఆనించి, చెవితో గడియారపు చప్పుడు లెక్కపెడుతూ, రెండు చప్పుళ్ల మధ్య నక్షత్రం ఎక్కడుందో అంచనా వేస్తాడు. దీన్ని కన్ను-చెవి పద్ధతి అనేవారు.

1795లో కిన్నెబ్రూక్ రాసే కాలాలు తన కాలాలకంటే అర సెకను ఆలస్యంగా ఉన్నాయని మాస్కెలైన్ గమనించాడు. హెచ్చరించాడు. తగ్గకపోగా 1796 జనవరి నాటికి తేడా 0.8 సెకనుకు పెరిగింది. కిన్నెబ్రూక్‌ను పనిలోంచి తీసేశారు. ఎనిమిది పదోవంతుల సెకనుకు ఉద్యోగం పోతుందా అని మీకు అనిపించవచ్చు. నావికులు రేఖాంశాన్ని లెక్కగట్టేది ఈ కాలాల మీద ఆధారపడే. భూమధ్యరేఖ దగ్గర ఒక్క సెకను తేడా దాదాపు 460 మీటర్ల తేడా అవుతుంది. మాస్కెలైన్ దృష్టిలో అది క్షమించదగిన పొరపాటు కాదు.

అయినా ఆయన ఒక మంచి పని చేశాడు. ఈ సంగతిని నక్షత్రశాల పరిశీలనలతో పాటు అచ్చు వేయించాడు. పాతికేళ్లు గడిచాక జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ బెస్సెల్‌కు ఈ విషయం తెలిసింది. ఆయన కోనిగ్స్‌బర్గ్ నక్షత్రశాలలో పనిచేసేవాడు. తప్పు కిన్నెబ్రూక్‌దేనా, లేక ఏ ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టినా ఇలాంటి తేడా వస్తుందా అని బెస్సెల్ అడిగాడు. ఇతర ఖగోళ శాస్త్రవేత్తలతో తన కాలాలను పోల్చి చూశాడు. అందరూ అనుభవజ్ఞులే, అందరూ జాగ్రత్తగా చూసేవారే. అయినా తేడా వచ్చింది, ఒక్కోసారి ఒక సెకను కూడా దాటింది. దీనికి ‘వ్యక్తిగత సమీకరణం’ అని పేరు స్థిరపడింది.

ఇక్కడ తొందరపడకండి. కిన్నెబ్రూక్ తేడా అంతా నాడిలో జరిగిన ఆలస్యమే అనుకుంటే పొరపాటు. మీ స్కేలు ప్రయోగంలో వచ్చిన కాలంతో పోలిస్తే 0.8 సెకను చాలా ఎక్కువ. కన్నూ చెవీ చెప్పే వార్తలను కలుపుకోవడంలో ఒక్కొక్కరి మనసు ఒక్కో రకంగా పనిచేయడం అందులో ఉంది. కానీ ఈ సంఘటన తర్వాత, చూసేవాడు కూడా కొలతలో ఒక భాగమేనని ఖగోళ శాస్త్రవేత్తలు ఒప్పుకోక తప్పలేదు. కిన్నెబ్రూక్‌కు మాత్రం ఇది అందలేదు. ఆయన 1802లోనే చనిపోయాడు.

బొలోన్యాలో కప్పలు

నాడిలో పరుగెత్తేది ఏమిటి అన్న ప్రశ్న మరో దారిలో వచ్చింది. ఇటలీలోని బొలోన్యాలో లుయీజీ గాల్వానీ శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే ఆచార్యుడు. 1780 దశకంలో ఆయన ప్రయోగాలు ఇంట్లోనే జరిగాయి. కోసిపెట్టిన కప్ప కాళ్లు బల్ల మీద ఉండగా, దగ్గరలోని విద్యుత్ యంత్రం నుంచి నిప్పురవ్వ వచ్చిన క్షణంలో ఎవరో చురకత్తితో నాడిని తాకారు. కాళ్లు ఒక్కసారిగా ముడుచుకున్నాయి. 1791లో ఆయన దీన్ని గ్రంథంగా ప్రచురించాడు.

చరిత్ర విద్యార్థులుగా మీరు ఆగవలసిన చోటు ఇది. జబ్బుగా ఉన్న భార్య కోసం గాల్వానీ కప్పల సూపు కాయిస్తుండగా ఇది కనుగొన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ అదిరిపాటును మొదట చూసింది ఆయన భార్య లూచియా గలియాజ్జీయే అని మరో కథ. గాల్వానీ తన గ్రంథంలో రాసినది సహాయకుల గురించి. సూపు కథను నమ్మడానికి ఆధారం లేదు. కానీ లూచియా శరీరశాస్త్ర ఆచార్యుడి కూతురు, భర్త ప్రయోగాల్లో పాలుపంచుకున్న మనిషి. సూపు కథ నిలిచి, ఆమె పని మరుగున పడడం నాకు వింతగా తోచదు. మన ఇళ్లలోనూ వంటగది గుర్తుంటుంది, పని గుర్తుండదు.

పవీయాలో ఉన్న అలెస్సాండ్రో వోల్టా గాల్వానీతో విభేదించాడు. విద్యుత్తు కప్పది కాదు, తాకిన రెండు వేర్వేరు లోహాలది అన్నాడు. తన నాలుక మీదే వెండి నాణెం, తగరపు రేకు ఉంచి, రెండూ కలిసినప్పుడు పుల్లని రుచి తగలడం గమనించాడు. ఆ దారిలోనే 1800లో విద్యుద్ఘటమాలను ప్రకటించాడు. మీ గోడ గడియారంలోని బ్యాటరీకి తాత అదే. ఇటు గాల్వానీ లోహమే లేకుండా, కోసిన నాడి కొనను కండరానికి తాకించి కాలు కదిలేలా చేశాడు. ఇద్దరూ కొంత నిజం చెప్పారు.

నేను ఇంటర్మీడియట్ చదివిన రోజుల్లో కప్పను క్లోరోఫాం సీసాలో వేసి, మైనపు పళ్లెంలో గుండుసూదులతో బిగించి కోసేవాళ్లం. ఒకరోజు తోటి విద్యార్థి టార్చిలైటు బ్యాటరీ తెచ్చి రెండు తీగలు తాకించాడు. చనిపోయిన కప్ప కాలు తన్నింది. పక్క బల్ల మీది అమ్మాయి పళ్లెం కింద పడేసింది, మేమంతా నవ్వాం. ఆ రోజు రికార్డులో మాత్రం సీనియర్ల రికార్డు చూసి ముందే రాసి పెట్టుకున్న ‘పరిశీలన’ ఉంది. బ్యాటరీ సంగతి ఎవరూ రాయలేదు.

కోనిగ్స్‌బర్గ్, 1850

పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో యూరప్‌లో పేరుమోసిన శరీరధర్మ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్. నాడీ ప్రసార వేగాన్ని కొలిచే సాధనం మనకు ఎప్పటికీ దొరకదేమో అన్నది ఆయన అభిప్రాయం. కాంతి వేగాన్ని కొలవడానికి గ్రహాల మధ్య దూరాలున్నాయి. ఒంట్లో ఉన్నదల్లా ఒకటి రెండు మీటర్లు.

ఆయన శిష్యుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1849లో కోనిగ్స్‌బర్గ్‌కు ఆచార్యుడుగా వచ్చాడు. బెస్సెల్ పనిచేసిన ఊరే అది. హెల్మ్‌హోల్ట్జ్ పద్ధతి విన్నాక ఇంత సులువా అనిపిస్తుంది. కప్ప పిక్క కండరాన్ని దాని నాడితో సహా తీసి వేలాడదీశాడు. ముందు కండరానికి దగ్గరగా నాడిని విద్యుత్తుతో తాకించి, కండరం ముడుచుకోవడానికి పట్టిన కాలం కొలిచాడు. తర్వాత అదే నాడిని నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో తాకించి మళ్లీ కొలిచాడు. కండరం సిద్ధం కావడానికి పట్టే కాలం రెండింటిలోనూ ఒకటే. కాబట్టి మొదటిదాన్ని రెండోదాంట్లోంచి తీసేస్తే, వార్త ఆ నాలుగైదు సెంటీమీటర్లు ప్రయాణించిన కాలం మాత్రమే మిగులుతుంది.

చిక్కంతా ఆ మిగిలినదాంట్లోనే ఉంది. అది సెకనులో వెయ్యో వంతుకు కొంచెం ఎక్కువ. ఏ గడియారమూ అంత చిన్న కాలాన్ని చూపదు. ఆయన విద్యుత్తునే గడియారం చేసుకున్నాడు. నాడిని తాకించిన క్షణంలోనే మరో తీగలో ప్రవాహం మొదలవుతుంది. కండరం ముడుచుకుని చిన్న బరువును ఎత్తినప్పుడు ఆ తీగ తెగి ప్రవాహం ఆగిపోతుంది. ప్రవాహం ఎంతసేపు ఉంటే గాల్వనోమీటరు ముల్లు అంత కదులుతుంది. ముల్లు కదలికనుంచి కాలాన్ని లెక్కగట్టవచ్చు.

కొలత వెంట కొలత. కండరం అలసిపోతే తేడా, వాతావరణం చల్లబడితే తేడా. ఈ పనిలో ఆయన భార్య ఓల్గా పక్కనే ఉండి కొలతలు రాసుకుంది. 1850 జనవరిలో హెల్మ్‌హోల్ట్జ్ చిన్న నివేదిక బెర్లిన్‌కు పంపాడు. కప్ప నాడిలో వార్త వేగం సెకనుకు సుమారు 27 మీటర్లు. గంటకు వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. మన ఎక్స్‌ప్రెస్ రైళ్లు దానికంటే వేగంగా పోతాయి.

ఈ అంకె ఎంత కలవరపెట్టిందో ఊహించండి. మనసులో అనుకోవడం, చెయ్యి కదలడం ఒకే క్షణంలో జరుగుతాయని అందరి నమ్మకం. పాఠశాల ఉపాధ్యాయుడైన హెల్మ్‌హోల్ట్జ్ తండ్రికే ఇది సులువుగా మింగుడు పడలేదు. ఆలోచనా, ఒంటి కదలికా ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి కావని, ఒకేసారి పుట్టేవని ఆయన భావించాడు. హెల్మ్‌హోల్ట్జ్ తన ఉపన్యాసంలో తిమింగలం ఉదాహరణ ఇచ్చాడు. అంత పొడవైన జంతువుకు తోక దగ్గర గాయమైతే తెలియడానికే ఒక సెకను పడుతుంది.

కత్తి అవసరం లేని రెండో ప్రయోగం కూడా ఆయన చేశాడు. మనిషి చర్మాన్ని కాలి దగ్గర ఒకసారి, మెదడుకు దగ్గరగా ఒకసారి స్వల్ప విద్యుత్తుతో తాకించి, తెలియగానే చెయ్యి కదపమన్నాడు. కాలి దగ్గర తాకినప్పుడు ఆలస్యం ఎక్కువ. ఆ లెక్కన మనిషి నాడిలో వేగం సెకనుకు సుమారు 60 మీటర్లు. మనిషి కొలతలు కప్ప కొలతలంత నిలకడగా రాలేదు. వాటిమీద వాదాలు చాలాకాలం నడిచాయి.

మీరు చేయవలసినది

ఈ రెండో ప్రయోగాన్ని మీరు చేయవచ్చు. విద్యుత్తు అక్కర్లేదు. మీ అధ్యయన కేంద్రంలో కాంటాక్ట్ తరగతికి వచ్చినవారు పదహారు మంది చాలు. ఒకరి వెనుక ఒకరు కుర్చీల్లో కూర్చుని కళ్లు మూసుకోండి. ఒక్కొక్కరు కుడిచేత్తో ముందువారి భుజం పట్టుకోవాలి. తన భుజం మీద నొక్కుడు తెలియగానే ముందువారి భుజం నొక్కాలి. చివర కూర్చున్న వ్యక్తి ఎడమచేత్తో ఫోనులో స్టాప్‌వాచ్ మొదలుపెడుతూనే కుడిచేత్తో నొక్కుతాడు. అందరికంటే ముందున్న వ్యక్తి తనకు నొక్కుడు అందగానే ‘ఆఁ’ అంటాడు, గడియారం ఆగుతుంది. ఇలా పదిసార్లు చేయండి. తర్వాత భుజానికి బదులు చీలమండ దగ్గర నొక్కుతూ మళ్లీ పదిసార్లు.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. విదేశీ పుస్తకాల్లో చీలమండ పట్టుకోమని రాసేస్తారు. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకునే మనవాళ్లలో, పెద్దవారి కాలు చిన్నవారు పట్టుకోవచ్చు గాని పెద్దవారిని చిన్నవారి కాలు పట్టుకోమనలేం. ఆడవారూ మగవారూ కలిసిన తరగతిలో ఇంకో సంకోచం. అందుకని గట్టిగా చుట్టిన దినపత్రికను వాడండి. రెండు విడతల్లోనూ దాన్నే వాడాలి, కొనను ముందే ఆనించి ఉంచాలి. లేకపోతే మీరు కొలిచేది నాడి వేగం కాక చేతి కదలిక అవుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. భుజం నుంచి మెదడుకంటే చీలమండ నుంచి మెదడుకు దారి ఒక్కొక్కరికి సుమారు ఒక మీటరు ఎక్కువ అనుకుందాం. టేపుతో కొలిస్తే ఇంకా మంచిది. నొక్కుడు అందుకునే పదిహేను మందికి 15 మీటర్లు. చీలమండ విడత సగటులోంచి భుజం విడత సగటు తీసేస్తే 0.3 సెకను మిగిలిందనుకోండి. 15ను 0.3తో భాగిస్తే సెకనుకు 50 మీటర్లు. హెల్మ్‌హోల్ట్జ్ తీసివేతే ఇది. నిర్ణయించుకోవడానికీ, చెయ్యి కదపడానికీ పట్టే కాలం రెండు విడతల్లోనూ ఉంది కాబట్టి కొట్టివేయబడింది. ఒక్కరితో చేస్తే తేడా చేతికి చిక్కదు. ఇలా వరుసగా కూర్చోబెట్టడం అంటే ఒంటినే పదిహేను రెట్లు పొడిగించడం. ముల్లర్ కోరుకున్న దూరం అదే.

స్కేలు ప్రయోగానికి కూడా ఒక చరిత్ర కొనసాగింపు ఉంది. హాలండులోని యుట్రెక్ట్‌లో ఫ్రాన్సిస్ డోండర్స్ ఇదే తీసివేతను ఆలోచనకు వర్తింపజేశాడు. ఏ పాదానికి విద్యుత్ స్పర్శ వస్తుందో ముందే తెలిసినప్పటికంటే, తెలియనప్పుడు సరైన చేతితో బదులివ్వడానికి సెకనులో సుమారు పదిహేనో వంతు ఎక్కువ పట్టింది. ఆయన దీన్ని 1868లో ప్రచురించాడు. ఎంచుకోవడానికి పట్టిన కాలం అది. మీరు రెండు చేతుల దగ్గర రెండు స్కేళ్లు వేలాడదీయించి, ఏది వదులుతారో చెప్పవద్దని చేసి చూడండి.

కలకత్తా, కేంబ్రిడ్జ్, ఒక చిన్న పెట్టె

నాడులు లేని జీవిలో వార్త ఎలా పోతుందని కలకత్తాలో అడిగినవాడు జగదీశ్ చంద్ర బోస్. ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన తన పరికరాలను స్థానిక పనివారి చేత చేయించుకున్నాడు. మన పొలం గట్ల మీద కనబడే అత్తిపత్తిలో ప్రచోదన వేగాన్ని కొలిచాడు. మొక్కకూ జంతువుకు ఉన్నట్టు నాడి ఉందన్న ఆయన వాదాన్ని అందరూ అంగీకరించలేదు. కొలిచిన విషయం మాత్రం నిజం. ఆకు చివరి చిన్న రెక్కను తాకి, ముడుచుకోవడం ఈనె వెంట ఎంతసేపట్లో ఎంత దూరం పాకిందో స్కేలు పెట్టి మీరూ చూడవచ్చు. కప్ప నాడిలో సెకనుకు మీటర్లలో సాగేది ఇక్కడ సెంటీమీటర్లలో సాగుతుంది.

కేంబ్రిడ్జ్‌లో ఎడ్గర్ ఏడ్రియన్ 1920 దశకంలో నాడి సంకేతాలను రేడియో గొట్టాలతో పెంచి లౌడ్‌స్పీకరులో వినిపించాడు. ఒకసారి చీకటి గదిలో గోదురుకప్ప కంటి నాడికి తీగలు కలిపి ఉండగా, ఆయన కదిలినప్పుడల్లా లౌడ్‌స్పీకరులో చప్పుడు వచ్చింది. కప్ప కన్ను తననే చూస్తోందని కాసేపటికి గాని ఆయనకు అర్థం కాలేదు. 1932లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఒకప్పుడు గదినిండా పట్టిన ఆ పరికరం ఇప్పుడు అరచేతిలో ఇముడుతుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులైన గ్రెగ్ గేజ్, టిమ్ మార్జుల్లో 2009లో బ్యాక్‌యార్డ్ బ్రెయిన్స్ అనే సంస్థ పెట్టారు. వారి స్పైకర్‌బాక్స్ అనే చిన్న పెట్టెతో బడిపిల్లలు కూడా బొద్దింక కాలిలోని నాడీ సంకేతాలను వినవచ్చు. దాని నిర్మాణాన్ని ఎవరైనా చూసి తయారు చేసుకునేలా బయటపెట్టారు. మనిషి చర్మం మీద అంటించిన తీగలతో కండర సంకేతాలు వినే పెట్టెలూ తర్వాత వచ్చాయి. బొద్దింకను ఐసునీటిలో మత్తెక్కించి కాలు తీస్తారు. 2013లో బొద్దింకకు తీగలు అమర్చి ఫోనుతో అటూ ఇటూ నడిపించే పరికరం మీద, పిల్లలకు నేర్పవలసింది ఇదేనా అని గట్టి విమర్శలు వచ్చాయి.

మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో జంతువుల కోతను తగ్గించాలని మార్గదర్శకాలిచ్చి, 2014లో జంతుశాస్త్ర, జీవశాస్త్ర కోర్సుల్లో దాన్ని నిషేధించింది. మైనపు పళ్లెం ముందు నిలబడ్డవాడిగా నేను దీనికి సంతోషిస్తాను. అయితే చరిత్రను దానికి తగ్గట్టు దిద్దకూడదు. 27 మీటర్ల అంకె కప్ప లేకుండా వచ్చేది కాదు. మనిషి మీద చేసిన కొలత ఒక్కటే ఉండి ఉంటే 1850లో ఎవరూ ఒప్పుకునేవారు కారు. మీ తరగతి గదిలో ఆ అంకెను మళ్లీ రాబట్టడానికి మాత్రం ఏ జీవి కాలూ అవసరం లేదు.

ప్రయోగానికి ఒక నోటుపుస్తకం కేటాయించండి. తేదీ, ఎంతమంది, ఎవరు గడియారం పట్టారు, ఫ్యాను తిరుగుతోందా లేదా అన్నది కూడా రాయండి. ఇరవై కొలతలూ వచ్చినవి వచ్చినట్టు రాయాలి. భుజం విడతే ఎక్కువ కాలం తీసుకుందని వచ్చినా సరే, దాన్ని కొట్టివేసి నేను చెప్పిన 50 మీటర్లు రాయవద్దు. మొదటి విడతలో అలవాటు లేక ఆలస్యమై ఉంటే రెండో విడత వేగంగా కనబడుతుంది. వరుస మార్చి, ముందు చీలమండ, తర్వాత భుజం చేసి చూడండి. మొదటి రెండు మూడుసార్లు ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ అంకెను కూడా రాసి, పక్కన ‘నవ్వు’ అని గుర్తు పెట్టండి.